ఓడ పేరే ఇంటిపేరు: ద్వీపాంతర శిక్ష పడిన అవ్వ జాడ తీయడం ఎలా

స్థలం కొనేటప్పుడు మనం మొదట అడిగేది లింకు డాక్యుమెంట్లు. ఇప్పుడు అమ్మేవాడికి ఎవరు అమ్మారు, వాళ్ళకు ఎలా సంక్రమించింది, మధ్యలో ఒక్క కాగితం తెగినా వకీలు ఒప్పుకోడు. నేను సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదుట చాలా ఏళ్ళు దస్తావేజులు రాసినవాణ్ణి. మెల్‌బోర్న్‌లో మా అబ్బాయి దగ్గరికి వచ్చాక ఆ అలవాటు అనుకోని పనికి అక్కరకొచ్చింది. మా కోడలు అక్కడి పిల్ల. వాళ్ళ అమ్మవైపు ఎవరో ఒకావిడ ఇంగ్లండు నుంచి ఖైదీగా ఓడెక్కి వచ్చిందని ఇంట్లో ఒక మాట ఉంది. పేరు తప్ప ఇంకేమీ తెలియదు. "మామయ్యగారూ, మీకు పాత కాగితాలు ఇష్టం కదా" అని వచ్చీరాని తెలుగులో ఆ పని నా నెత్తిన పెట్టింది.

1788 నుంచి 1868 దాకా బ్రిటన్, ఐర్లండుల నుంచి ఆస్ట్రేలియాకు పంపిన ఖైదీలు సుమారు 1,62,000 మంది. వాళ్ళలో ఆడవాళ్ళు 25,000 దాకా ఉంటారు. ఎక్కువమందివి చిన్న దొంగతనాలే: గుడ్డ, చెంచా, యజమానురాలి గౌను. శిక్ష మాత్రం ఏడేళ్ళు, పద్నాలుగేళ్ళు, లేదా యావజ్జీవం. ఇన్నేళ్ళ తర్వాత అలాంటి ఒక మనిషిని వెతకడం కష్టమనుకున్నాను. తీరా చూస్తే, పన్ను కట్టి మర్యాదగా బతికిన ఆమె చెల్లెలి గురించి దొరకనంత సమాచారం ఈ ఖైదీ గురించి దొరుకుతుంది. సర్కారు నిఘాలో ఉన్న మనిషి కదా, ఎత్తు ఎంతో కూడా అంగుళాలతో సహా రాసి పెట్టారు.

ముందు ఏ రేవులో దిగిందో తేల్చండి

ఆస్ట్రేలియా అప్పటికి ఒకే దేశం కాదు. వేరువేరు వలస రాజ్యాలు, వేరువేరు దఫ్తరాలు. ఆడ ఖైదీల ఓడలు ప్రధానంగా రెండు చోట్లకే వచ్చాయి. ఒకటి న్యూ సౌత్ వేల్స్, అంటే సిడ్నీ. అక్కడ 1840తో ఆగిపోయాయి. రెండోది వాన్ డీమెన్స్ లాండ్. 1856లో దాని పేరు టాస్మేనియాగా మార్చారు. అక్కడికి వచ్చిన చివరి ఆడ ఖైదీల ఓడ 'డచెస్ ఆఫ్ నార్తంబర్లాండ్'. 1853లో వచ్చింది. పశ్చిమ ఆస్ట్రేలియాకు 1850 తర్వాత ఖైదీలు వచ్చారు గానీ అందరూ మగవాళ్ళే. కాబట్టి ఎవరైనా "మా అవ్వ ఖైదీగా పెర్త్‌లో దిగింది" అంటే అక్కడే ఆపి ఇంకోసారి అడగండి.

విక్టోరియాలో, అంటే మెల్‌బోర్న్ వైపు ఉన్న కుటుంబమైతే ఎక్కువగా టాస్మేనియా వైపే చూడాలి. 1851లో బంగారం బయటపడ్డాక, శిక్ష తీరినవాళ్ళు గుంపులు గుంపులుగా మధ్యలో ఉన్న బాస్ జలసంధి దాటి మెల్‌బోర్న్ వచ్చేశారు. మా కోడలివాళ్ళ కథా అదే.

బతికున్నవాళ్ళ దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడవండి

ఖైదీల జాబితా తెరిచి పేరు కొట్టి చూడాలని చేయి ఊరుకోదు. నేనూ అదే చేశాను. అదే పేరు, దగ్గరదగ్గర అదే వయసు ఉన్న ఒకావిడ దొరికింది. ఆవిడ వెంట రెండు నెలలు తిరిగాను. నేరమేమిటో, ఎక్కడ కొలువు చేసిందో రాసుకున్నాను, ఆవిడ మీద కాస్త అభిమానం కూడా పుట్టింది. చివరికి తేలిందేమిటంటే, మా కోడలి పూర్వీకురాలికి ఆఖరి బిడ్డ పుట్టేనాటికి ఈవిడ చనిపోయి ఆరేళ్ళయింది. లింకు డాక్యుమెంటు చూడకుండా స్థలానికి బయానా ఇచ్చినట్టయింది నా పని.

అందుకని ఇంట్లో ఉన్న పెద్దావిడ జనన సర్టిఫికెట్ తీయండి. దానిలో తల్లి పేరు, ఆమె పుట్టింటి పేరు ఉంటాయి. ఆ తల్లి పెళ్ళి కాగితం, తర్వాత ఆమె జనన కాగితం, ఇలా ఒక్కో తరం కొక్కో ముడి వేసుకుంటూ వెళ్ళండి. ఏ కాగితం ఎక్కడ మొదలవుతుందో తెలిస్తే వృథా ఖర్చు తగ్గుతుంది. సర్కారీ జనన మరణాల నమోదు టాస్మేనియాలో 1838 డిసెంబరులో, విక్టోరియాలో 1853 జూలైలో, న్యూ సౌత్ వేల్స్‌లో 1856 మార్చిలో మొదలైంది. అంతకు ముందువాటికి చర్చి రిజిస్టర్లే గతి.

మరణ కాగితాల్లో ఒక కిటుకు ఉంది. విక్టోరియా, న్యూ సౌత్ వేల్స్ మరణ సర్టిఫికెట్లలో చనిపోయినామె తల్లిదండ్రులు, పుట్టిన ఊరు, వలస రాజ్యంలో ఎన్నేళ్ళున్నదీ, ఎవరిని పెళ్ళాడిందీ, పిల్లల పేర్లూ అడిగేవారు. టాస్మేనియా పాత మరణ రిజిస్టర్లో తల్లిదండ్రుల గడే లేదు. కనుక మీ అవ్వ జలసంధి దాటి విక్టోరియాలో పోయి ఉంటే మీ అదృష్టం. అయితే ఆ వివరాలు చెప్పింది ఆమె కాదు, ఏ కొడుకో అల్లుడో. అమ్మ ఖైదీగా వచ్చిందని అతనికి తెలియకపోవచ్చు, తెలిసినా చెప్పకపోవచ్చు. "ఎన్నేళ్ళున్నది" అన్న గడిలోని అంకెను మరణించిన ఏడాదిలోంచి తీసేయండి. వచ్చిన ఏడాదికి ఇటు రెండేళ్ళు, అటు రెండేళ్ళు చూడండి.

దాచడం అప్పట్లో మామూలు. మేరీ రీబీ సంగతే చూడండి. ఇవాళ ఆస్ట్రేలియా ఇరవై డాలర్ల నోటు మీద ఉన్నది ఆవిడ బొమ్మే. పదమూడేళ్ళప్పుడు మగపిల్లవాడి వేషంలో ఉండగా గుర్రం దొంగతనం కింద పట్టుబడింది. 1790లో 'జేమ్స్ బరో' అనే మగపేరుతోనే శిక్ష పడింది. 1792లో సిడ్నీ చేరింది, పెళ్ళాడింది, భర్త పోయాక ఓడలూ గిడ్డంగులూ నడిపి పెద్ద వ్యాపారి అయింది. మధ్యలో ఒకసారి ఇంగ్లండు వెళ్ళి 1821లో తిరిగొచ్చింది. 1828 జనాభా లెక్కలో తన హోదా ఏం రాయించిందంటే: "1821లో స్వేచ్ఛగా వచ్చాను" అని! అబద్ధం కాదు కదా, అప్పుడు నిజంగా స్వేచ్ఛగానే వచ్చింది. నోటు మీద అచ్చయిన మనిషే ఇలా ఉంటే, మీ అవ్వ ఊరుకుంటుందా?

పేరు వదలండి, ఓడను పట్టుకోండి

ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఆలస్యంగా తలకెక్కిన విషయం ఇదే. మేరీ, ఆన్, ఎలిజబెత్, మార్గరెట్, ఈ నాలుగు పేర్లతోనే సగం ఓడ నిండిపోయేది. ఇంటిపేరు స్మిత్ అయితే ఇక చెప్పక్కర్లేదు. గుమాస్తాలకూ ఆ ఇబ్బంది తెలుసు. అందుకే ప్రతి కాగితంలో పేరు పక్కనే ఆమె వచ్చిన ఓడ పేరు రాసేవాళ్ళు. పోలీసు కేసులోనూ, పెళ్ళి అనుమతిలోనూ, పేపర్లో పడిన పరారీ ప్రకటనలోనూ అంతే. ఆమె పెళ్ళి చేసుకుని ఇంటిపేరు మార్చుకున్నా సర్కారు మాత్రం శిక్ష పడిన పేరునూ ఓడనూ వదల్లేదు. మనలో ఆడపిల్లకు అత్తింటిపేరు వచ్చినా పుట్టింటి పేరుతో గుర్తుపట్టినట్టు, అక్కడ ఓడే ఆమెకు పుట్టింటిపేరు.

ఓడ తెలియాలంటే దగ్గరి దారి పెళ్ళి. శిక్షలో ఉన్న ఖైదీ పెళ్ళాడాలంటే గవర్నరు అనుమతి కావాలి. ఆ అనుమతుల రిజిస్టర్లో ఇద్దరి పేర్లు, ఇద్దరి ఓడలు, తేదీ ఉంటాయి. ఒకరు ఖైదీ కాకపోతే ఓడ చోట 'ఫ్రీ' అని రాస్తారు. టాస్మేనియాలో ఇవి కాన్ 45, కాన్ 52 వరసల్లో ఉన్నాయి ('కాన్' అంటే అక్కడి ఖైదీల రికార్డుల వరసలకు దఫ్తరంవాళ్ళు పెట్టిన గుర్తు, CON). చర్చిలో పెళ్ళి తేదీ మీ దగ్గరుంటే, దానికి కొన్ని వారాల ముందు తేదీల్లో అనుమతి వెతకండి. తేదీలు కలిస్తే మనిషి దొరికినట్టే.

న్యూ సౌత్ వేల్స్‌లో అయితే 1828 నవంబరు జనాభా లెక్క బంగారం లాంటిది. పేరు, వయసు, స్వేచ్ఛా ఖైదా, ఓడ, వచ్చిన ఏడాది, మతం, పని, ఎవరింట్లో ఉన్నది, అన్నీ ఒకే వరసలో ఉంటాయి.

నడవడి రిజిస్టర్ చదవండి, తొందరపడకుండా

టాస్మేనియా రికార్డులు ఆడ ఖైదీల విషయంలో అపురూపం. ఆస్ట్రేలియా ఖైదీ రికార్డులను 2007లో యునెస్కో ప్రపంచ జ్ఞాపకాల జాబితాలో చేర్చింది. లైబ్రరీస్ టాస్మేనియా వారి పేర్ల సూచికలో వెతికితే అసలు పేజీల ఫోటోలు ఉచితంగా కనిపిస్తాయి. 1844కు ముందు వచ్చినవాళ్ళ నడవడి రిజిస్టర్లు కాన్ 40, ఆ తర్వాత వచ్చినవాళ్ళవి కాన్ 41. ఒళ్ళు గుర్తుల పట్టీ కాన్ 19. ఓడ దిగినప్పుడు రాసుకున్న ఇండెంట్లు కాన్ 15. ఒక్కటి దొరికిందని ఆగకండి, నడవడి, గుర్తులు, ఇండెంటు మూడూ తీయండి. ఒకదాంట్లో లేనిది ఇంకోదాంట్లో ఉంటుంది. ఇండెంట్లో ఒక్కోసారి తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ పేర్లు, వాళ్ళున్న ఊరు కూడా రాశారు. ఇంగ్లండులోకి తిరిగి అడుగు పెట్టడానికి అదే తలుపు.

నడవడి పేజీ చూడగానే గుండె జారుతుంది. సన్న అక్షరాలు, పొడి మాటలు, సిరా ఒక దానిమీద ఒకటి. పాత డాక్యుమెంట్లు చదివిన కళ్ళు కాబట్టి నాకు వారంలో అలవాటయింది. మీకూ అవుతుంది. పై భాగంలో ఎక్కడ, ఎప్పుడు విచారణ, ఎన్నేళ్ళ శిక్ష అని ఉంటుంది. తర్వాత జైలువాళ్ళు పంపిన నివేదిక ఒక ముక్క. ఆ వెంటనే 'ఈ నేరం గురించి తను చెప్పింది' అని ఆమె మాట. ఏం దొంగిలించింది, ఎవరి దగ్గర, ఇంతకుముందు ఎన్నిసార్లు పట్టుబడింది, పెళ్ళయిందా, మొగుడెక్కడున్నాడు, పిల్లలెందరు. చదువురాని మనిషి తన నోటితో చెప్పుకున్న మాట మనకు చేరేది చాలావరకు ఈ రెండు వరసల్లోనే. ఇక్కడ నిదానించండి.

కింద ఉన్నదంతా శిక్షల చిట్టా. తాగి ఉంది, చెప్పకుండా వెళ్ళింది, పనికి పెట్టిన ఇంటి యజమానురాలికి ఎదురు చెప్పింది. పక్కన తేదీ, మెజిస్ట్రేటు పొట్టి సంతకం, శిక్ష: ఇన్ని రోజులు రొట్టె నీళ్ళ మీద ఒంటరి గది, లేదా ఇన్ని నెలలు ఫ్యాక్టరీ. ఈ ఫ్యాక్టరీ అంటే మనం అనుకునే కర్మాగారం కాదు, ఆడవాళ్ళ జైలు. సిడ్నీ దగ్గర పారమట్టా ఫ్యాక్టరీ 1821లో, హోబర్ట్ కాస్కేడ్స్ ఫ్యాక్టరీ 1828లో తెరిచారు. కాస్కేడ్స్ అంతకుముందు సారా బట్టీ. 1829 నిబంధనల ప్రకారం అక్కడ శిక్ష తరగతిలో ఉన్నవాళ్ళ రవిక వీపు మీద, కుడి చేతి మీద, లంగా వెనక పెద్ద పసుపు 'సి' అక్షరం కుట్టేవారు. వాళ్ళకు పడే పని బట్టలుతకడం. నేను హోబర్ట్ వెళ్ళి చూశాను. ఇప్పుడు గోడలు, ఖాళీ ఆవరణలే మిగిలాయి. పక్కనే వాగు, వెనక కొండ, లోయలో చలి. మధ్యాహ్నానికే ఎండ తగ్గిపోయింది.

పొడి అక్షరాలు కొన్ని గుర్తుంచుకోండి. 'టి.ఎల్.' అంటే టికెట్ ఆఫ్ లీవ్, జిల్లా దాటకుండా తన పని తాను చేసుకునే అనుమతి. 'సి.పి.' అంటే షరతులతో క్షమాభిక్ష. 'ఎఫ్.ఎస్.' అంటే గడువు తీరి విడుదల. రెండు ఎస్‌లు పక్కపక్కన వస్తే మొదటిది పొడుగ్గా ఎఫ్ లాగా రాసేవాళ్ళు, 'మిస్' కాస్తా 'మిఫ్స్'లా కనిపిస్తుంది. అర్థం కాని మాటను ఊహించి రాయకండి. చుక్కలు పెట్టి వదిలేయండి. అదే గుమాస్తా ఇంకో పేజీలో అదే మాట స్పష్టంగా రాసి ఉంటాడు, పక్క ఖైదీల పేజీలు తిప్పండి.

వయసును నమ్మకండి, చాలామందికి పుట్టిన ఏడాది తెలియదు. ఒంటి మీది గుర్తులను నమ్మండి. చేతి మీద పచ్చబొట్టు అక్షరాలుంటే, అవి తరచూ విడిచి వచ్చిన మొగుడివో, పిల్లలవో, తల్లిదండ్రులవో పేర్ల మొదటి అక్షరాలు. మా పేజీలో ఎడమ చేతి మీద రెండక్షరాలున్నాయి. అవి ఎవరివో తెలిశాక మా కోడలు కాసేపు మాట్లాడలేదు. ఇంగ్లండులో ఉండిపోయిన కొడుకువి.

పిల్లల దారి విడిగా వెతకండి

ఖైదీ గర్భవతి అయితే పని చేసే ఇంటినుంచి ఫ్యాక్టరీకి తిప్పి పంపేవారు. బిడ్డ పాలు మానాక తల్లికి ఆరు నెలలు శిక్ష తరగతి. బిడ్డ అక్కడి నర్సరీలో. ఆ నర్సరీల్లో పసివాళ్ళు చాలామంది చచ్చిపోయారు, కాబట్టి జననం కనబడితే వెంటనే మరణ రిజిస్టర్ కూడా చూడండి. బతికిన పిల్లలను మూడేళ్ళ ప్రాయానికి హోబర్ట్ దగ్గర న్యూ టౌన్ అనాథ పాఠశాలకు పంపేవారు. తల్లి బతికే ఉన్నా దాని పేరు అనాథ పాఠశాలే. చేర్చిన రికార్డుల్లో తల్లి పేరు, ఆమె ఓడ ఉంటాయి. తండ్రి గడి చాలాసార్లు ఖాళీ.

సముద్రం దాటి ఆవలికి

ఇప్పుడు మీ చేతిలో ఓడ, విచారణ తేదీ, కోర్టు ఉన్నాయి. లండన్ ఓల్డ్ బెయిలీ కోర్టు అయితే పండగే. 1674 నుంచి 1913 దాకా అక్కడి విచారణలు నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. సాక్షి ఏమన్నాడు, ఆమె ఏమని మొరపెట్టుకుంది, కొన్నిసార్లు మాటకు మాట ఉంటుంది. ఇతర జిల్లాలైతే ఆ కౌంటీ రికార్డు ఆఫీసులో సెషన్స్ కాగితాలు, అప్పటి స్థానిక పత్రికలు చూడాలి. లండన్‌లో క్యూ (Kew) అనే పేటలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో హెచ్.ఓ. 27 నేరస్థుల రిజిస్టర్లు, హెచ్.ఓ. 11 ఓడలవారీ పట్టీలు. శిక్ష తగ్గించమని తల్లో మొగుడో పెట్టుకున్న అర్జీ దొరికితే ఊళ్ళో పెద్దమనుషుల సంతకాలతో సహా కుటుంబమంతా కళ్ళకు కడుతుంది. విచారణ జరిగిన ఊరే పుట్టిన ఊరని మాత్రం అనుకోకండి. పనికోసం పట్నం పోయిన పిల్లలే ఎక్కువ పట్టుబడ్డారు.

ఐర్లండు నుంచి వచ్చిందైతే మనసు రాయి చేసుకోండి. 1922లో డబ్లిన్ ఫోర్ కోర్ట్స్ అగ్నిప్రమాదంలో 1836కు ముందటి రవాణా రిజిస్టర్లు కాలిపోయాయి. అర్జీలు మాత్రం చాలా మిగిలాయి. వాటి సూచికను ఐర్లండు నేషనల్ ఆర్కైవ్స్ నెట్‌లో పెట్టింది.

ప్రయాణం గురించి తెలియాలంటే ఓడ వైద్యుడి డైరీ, క్యూలోనే ఎ.డి.ఎం. 101. అందులో జబ్బుపడినవాళ్ళ పేర్లే ఉంటాయి. మీ అవ్వ పేరు లేకపోతే నిరాశపడక్కర్లేదు, ఆరోగ్యంగా ఉందన్నమాట. ఓడలో ఎలా గడిపారో తెలిసేది ఇంకో చోట. 1841లో 'రాజా' అనే ఓడ (పేరు మన మాటే) 180 మంది ఆడ ఖైదీలతో వూలిచ్ నుంచి హోబర్ట్ వెళ్ళింది. జైళ్ళ సంస్కరణకు పాటుపడిన ఎలిజబెత్ ఫ్రై ఏర్పరచిన మహిళా సంఘం ఖైదీలకు సూది, దారం, గుడ్డపేలికలు పంచేది. ఆ మూడు నెలల్లో రాజా ఓడ ఆడవాళ్ళు 2,815 ముక్కలు కలిపి ఒక బొంత కుట్టారు. ఇప్పుడది కాన్‌బెర్రా నేషనల్ గ్యాలరీలో ఉంది. మా అమ్మ పాత చీరలతో కుట్టిన బొంతల్లాంటిదే, కాకపోతే ఎవరు ఏ ముక్క కుట్టారో పేర్లు లేవు.

విడుదల తర్వాత మాయమైతే

చిట్టా ఆగిపోయిన చోట అసలు చిక్కు మొదలవుతుంది. మంచిగా బతికిన మనిషి గురించి సర్కారు రాయడం మానేస్తుంది. ఇక్కడ ట్రోవ్ ఆదుకుంటుంది. ఆస్ట్రేలియా నేషనల్ లైబ్రరీ వారి ఈ సైట్లో పాత పేపర్లు ఉచితంగా వెతకొచ్చు. ఆమె పేరు కాకుండా మొగుడి పేరు, వీధి పేరు, దుకాణం పేరు వేసి చూడండి. మొదటి మొగుడు ఇంగ్లండులో బతికుండగానే ఇక్కడ 'విధవ'నని చెప్పి మళ్ళీ పెళ్ళి చేసుకున్నవాళ్ళు బోలెడు మంది. తీర్పు చెప్పే పని మనది కాదు గానీ, ఆ మాట ఎక్కడ రాసుందో నోట్ చేసుకోండి. అదే ఆమెను రెండో చోట గుర్తుపట్టే ఆనవాలు. హోబర్ట్‌లోని ఫీమేల్ కన్విక్ట్స్ రిసెర్చ్ సెంటర్ వాళ్ళ డేటాబేస్‌లో మీ అవ్వ గురించి ఇంకెవరైనా ముందే రాసి ఉండొచ్చు, తప్పక చూడండి. వంశవృక్షాల సైట్లలో పదిమంది ఒకే మాట రాశారంటే పది సాక్ష్యాలు కావు, ఒకరి తప్పును తొమ్మిదిమంది ఎక్కించుకుని ఉండొచ్చు.

ఇది చదివి మన వాళ్ళ గురించి అడిగేవాళ్ళుంటారు. మనకు ద్వీపాంతరం అనగానే గుర్తొచ్చేది 1858 తర్వాతి అండమాన్. అంతకుముందు మద్రాసు రాజధాని ఖైదీలను పెనాంగ్, సింగపూర్ వైపు పంపేవారు. వాళ్ళను వెతకాలంటే పద్ధతి తలకిందులవుతుంది. మనిషికొక పేజీ దొరకదు, విచారణ జరిగిన జిల్లా, ఏడాది పట్టుకుని చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో న్యాయశాఖ కట్టలు విప్పాలి. లండన్ బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డులు రెండో చోటు. ఇంటిపేరు ఆంగ్ల స్పెల్లింగులో ఎన్ని వంకర్లు పోతుందో ముందే పది రకాలుగా రాసుకుని వెళ్ళండి.

చివరగా కాగితం మీద పెట్టే తీరు. నిర్ధారణ అయిన ముడిని సిరాతో, అనుమానం ఉన్న ముడిని పెన్సిల్‌తో గీయండి. ప్రతి గీత పక్కన ఏ రిజిస్టరు, ఏ పేజీయో రాయండి. మా కోడలి కాగితంలో ఏడు తరాలకు సిరా పడింది. ఇంగ్లండులో ఉండిపోయిన ఆ కొడుకు దగ్గర మాత్రం ఇంకా పెన్సిలే. వాడు చేరి ఉండవచ్చనుకున్న వర్క్‌హౌస్ (దిక్కులేని పేదలను ఉంచి పని చేయించే చోటు) రిజిస్టరు కోసం కౌంటీ ఆఫీసుకు ఉత్తరం రాశాను, జవాబు రావాలి.